పదును చూసిన చేయి

1974వ సంవత్సరం ఆగస్టు పన్నెండవ తేదీ, సోమవారం పూర్వాహ్ణం, శ్రీ ఎన్. ఓబుళేసు గారు అనంతపురంలోని మన మెట్ట సేద్య సమాచార కేంద్రంలో టైపిస్టుగా ఉద్యోగంలో చేరారు. ఈ 2008 జూన్ ముప్పయ్యవ తేదీ, అదీ సోమవారమే, అపరాహ్ణం వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు సోమవారాల నడుమ గడిచిన దాదాపు ముప్పై నాలుగు సంవత్సరాలలో ఆయన అడిగిన "ఎందుకు" అనే ప్రశ్నలను ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఈ వీడ్కోలు సంచిక వాటికే చాలేది కాదు. మొదటి ప్రశ్న చేరిన రోజే అడిగారు. తమకు కేటాయించిన టైపు యంత్రంలో ఒక మీట నొక్కితే పైకి లేవడం లేదు. ఎందుకని అడిగితే అప్పటి హెడ్ క్లర్కు గారు, "కొట్టమన్నది కొట్టప్పా. ఎందుకు, ఏమి అని అడిగేదానికి ఈడ వేరే వాళ్ళు ఉండారు" అన్నారు. ఆ వేరే వాళ్ళు ఎవరో ఓబుళేసు గారికి నేటి వరకూ తెలియలేదు. మధ్యాహ్న విరామంలో అందరూ క్యారియర్లు విప్పుకుంటూ ఉంటే ఆయన యంత్రాన్ని విప్పారు. మీట కింద ఇరుక్కున్న వేరుశనగ పొట్టును బయటికి తీసి, కాగితంలో పొట్లం కట్టి, హెడ్ క్లర్కు గారి బల్ల మీద వినయపూర్వకంగా పెట్టి వచ్చారు.

నల్లమాడ సమీపాన ఒక చిన్న మెట్టపల్లెలో, ఆదెన్న, బయమ్మ దంపతుల ద్వితీయ కుమారుడిగా ఆయన 1950 జూన్ మాసంలో జన్మించారు. ఆదెన్న గారు అక్షరం ఎరుగరు, నేలను ఎరుగుదురు. వాన వెలిసిన మరునాడు చేనిలో మోకాళ్ళ మీద కూర్చుని, చేతిని మట్టిలోకి దూర్చి, పదును ఎంత దిగిందో, అంటే విత్తనానికి చాలినంత తడి ఎంత లోతున ఉన్నదో, వేళ్ళతో కొలిచేవారు. చిన్ననాటి ఓబుళేసు గారు పక్కన నిలబడి ఊరుకునే రకం కాదు.

"నాయనా, పైన తడి కనిపిస్తానే ఉండాది కదా. చేయి ఎందుకు పెట్టేది?"

"పైన ఉండేది కాకి గూడా చూస్తాది. విత్తనం పోయేది లోపలికి కదరా!"

ఈ ముచ్చటను ఆయన సహోద్యోగులకు పదే పదే చెప్పారు. అది తమకే అక్కరకు వచ్చిన రోజును గురించి మాత్రం ఎప్పుడూ నోరు విప్పలేదు. వారు చెప్పనిది చెప్పడమే ఈ వ్యాసానికి ప్రధాన ప్రయోజనం.

1981 నుండి 1987 వరకు ఆయన తాడిపత్రి ఉపకేంద్రంలో పనిచేశారు. బండలు కోసి పాలిష్ పట్టే ఊరు కావడంతో అక్కడి గాలిలోని తెల్లని దుమ్ము టైపు యంత్రాలను ఆరు నెలలకొకసారి మూలన పడవేసేది. దుమ్ము ఏ వేళ ఎక్కువ, ఏ కిటికీ నుండి ఎక్కువ అని నెల రోజులు గమనించి, ఆయన రెండు కిటికీలకు తడి గోనెలు కట్టించారు. ప్రతి యంత్రానికీ కొలత తీసి గుడ్డ తొడుగు కుట్టించారు. ఆ తొడుగులు కుట్టిన చేతులు వారి సహధర్మచారిణి శ్రీమతి కదిరమ్మ గారివి. "పిల్లలకు గౌన్లు కుట్టుకుందామని మిషను కొంటే, ఆఫీసు మిషన్లకు గౌన్లు కుట్టిస్తాండాడమ్మా ఈయప్ప" అని ఆమె ఇరుగుపొరుగుతో మొరపెట్టుకునేవారట. ఆ ఆరేళ్ళలో తాడిపత్రి నుండి ఒక్క యంత్రం కూడా మరమ్మతుకు అనంతపురం రాలేదు.

1997లో మన కేంద్రానికి కంప్యూటర్లు వచ్చాయి. శిక్షణకు ఎవరు వెళతారని అప్పటి సంచాలకులు గారు సమావేశంలో అడిగినప్పుడు అందరి చూపులూ ఫ్యాను వైపు లేచాయి. ఓబుళేసు గారు మాత్రం "దాని లోపల ఏముంటుంది సార్?" అని అడిగారు. ఆ ప్రశ్ననే దరఖాస్తుగా స్వీకరించి ఆయనను పంపించారు. నలభై ఏడేళ్ళ వయస్సులో, కొడుకు ఈడు పిల్లల నడుమ కూర్చుని, మూడు వారాలు హైదరాబాదులో నేర్చుకుని, ఒక లావుపాటి నోటుపుస్తకంతో తిరిగి వచ్చారు. అందులో ఎడమ పుట మీద అక్కడ చెప్పినది ఉండేది. కుడి పుట మీద ఆయన ప్రశ్నలు ఉండేవి. కుడి పుటలే ముందుగా నిండాయి. 1999లో వారిని సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుగా నియమించారు.

ఆ ఉద్యోగం ఏమిటో నేటికీ వారి బంధువులకు అంతుపట్టదు కనుక, ఈ సంచిక వారి చేతికీ అందుతుంది కనుక, ఇక్కడ రెండు మాటలు చెప్పడం సముచితం. జిల్లాలోని అరవై మూడు మండలాల నుండి ప్రతి ఉదయం వర్షపాతం అంకెలు వస్తాయి. సర్వరు అనే పెద్ద యంత్రం వాటిని దాచుకుని, ఏ మండలంలో ఎంత పదును దిగి ఉంటుందో పది గంటలకల్లా తేల్చి చెబుతుంది. మన గాలికి పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. విత్తే రైతుకు ఆ కబురు ఆ పూటే అందాలి. ఎల్లుండి అందితే అది చరిత్ర. ఆ యంత్రం ఆగకుండా చూడడమే సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు పని. అది నడిచినన్నాళ్ళూ ఈయన ఏం చేస్తున్నారని అడుగుతారు. ఆగిన పూట ఈయన ఏం చేశారని అడుగుతారు.

నిత్యం ఎదురయ్యే చిక్కులకు అంతు లేదు. సర్వరు గది బయట చెప్పులు విడవాలన్న నియమం దుమ్ము కోసం పెట్టినదే అయినా, మనవాళ్ళు దాన్ని గుడి నియమంగానే పాటించారు. ఆ భక్తి ముదిరి, 1999 ఆయుధ పూజ నాడు ఎవరో పుణ్యాత్ములు ఫ్లాపీ పెట్టే సందులో గంధం మెత్తి, తమలపాకు దోపారు. ఓబుళేసు గారు కోప్పడలేదు. మరుసటి ఏడు పూజ కోసమని పాడైపోయిన కీబోర్డు ఒకదాన్ని ప్రత్యేకంగా కేటాయించారు. ఏటా ఆ కీబోర్డే మన యంత్రాలన్నిటి పక్షాన దండ వేయించుకుంటున్నది.

ఇక విడపనకల్లు మండలంలో అంకెలు పంపే తిప్పన్న గారితో 2000 ఖరీఫ్‌లో జరిగిన ఫోను సంభాషణ మన కేంద్రంలో అందరికీ కంఠస్థమే.

"తిప్పన్నా, మీ మండలం అంకె రాలేదే?"

"వాన పడలేదు సార్."

"పడకుంటే సున్నా కొట్టాల కదప్పా."

"పడనిదానికి ఏం కొట్టేది సార్? పడినప్పుడు కొడతా."

"వాన రాలేదనేది ఒక కబురు తిప్పన్నా. కబురే రాలేదంటే అది వేరే. నువ్వు ఖాళీ పెడితే మిషను నీ కోసం కాచుకోని ఉంటాది. మిగతా అరవై రెండు మండలాలూ దాంతో పాటు కాచుకోవాల."

"అట్ల చెప్పు సార్ మరి. దినామూ సున్నా పెట్టు, సున్నా పెట్టు అంటాంటే, మా ఊరికి కీడు కోరుతాండావనుకుంటి."

ఆ రోజు మొదలు విడపనకల్లు సున్నా తప్పలేదు. ఓబుళేసు గారు నోటుపుస్తకం కుడి పుట మీద "ఎందుకో చెబితే చేస్తారు" అని రాసుకున్నారు. రాసుకున్నంత మాత్రాన గుర్తుంటుందా అంటే, మూడేళ్ళకు తెలిసివచ్చింది.

2003 జూన్. వరుస కరువుతో పట్టణంలో కొళాయిలు నాలుగు రోజులకొకసారి వస్తున్న కాలం. ఏడాది క్రితమే వచ్చిన కొత్త సర్వరు ఆ వేసవి మొదటి నుండే పని మధ్యలో తనంత తానే ఆగిపోతున్నది. వారానికొకసారి ఆగేది కాస్తా రోజుకు రెండుసార్లయింది. సరిగ్గా పది గంటలకు అంకెలు తేలవలసిన వేళ తెర నల్లబడేది. కదిరి, గుంతకల్లు వైపుల నుండి రైతులు ఫోను చేస్తే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. మూడవ వారంలో హైదరాబాదు ప్రధాన కార్యాలయం నుండి ఉత్తరం వచ్చింది. పదిహేను రోజులలో కారణం తేల్చి, బాధ్యుల పేరుతో నివేదిక పంపకుంటే సర్వరును హైదరాబాదుకు తరలిస్తామని, సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు పోస్టును రద్దు చేస్తామని అందులో ఉంది. అంటే మన అంకెలు హైదరాబాదు వెళ్ళి, రెండు రోజుల తరువాత తిరిగి రావాలి. టైపు విభాగం అప్పటికే ఎత్తివేశారు కనుక ఓబుళేసు గారు ఉత్తరాల మీద ముద్రలు వేసే బల్ల దగ్గర మిగిలిన ఐదేళ్ళూ గడపాలి. ఆ ఉత్తరం చదివి ఆయన భయపడ్డారు. ఆ సంగతి దాచుకోలేదు కూడా. "ముద్ర కొట్టేదాంట్లో ఎందుకు అని అడిగేదానికి ఏముంటాదమ్మా?" అని కంప్యూటరు ఆపరేటరు పద్మప్రియ గారితో అన్నారు.

తీగలు మార్చారు, ప్లగ్గులు మార్చారు, ఎలుకల మందు పెట్టారు. ఏమీ మారలేదు. ఒక ఉదయం గది ఊడుస్తున్న మన స్వీపరు హనుమక్క గారు చేయి విదిలించుకుంటూ వచ్చి, "సారూ, మీ పెట్టె కొరుకుతాండాది" అన్నారు. తుడవబోతే చేతికి చీమ కుట్టినట్టయిందట. అందరూ నవ్వారు. ఓబుళేసు గారు దాన్ని కూడా నోటుపుస్తకంలో తేదీతో రాసుకున్నారు.

నాలుగు రోజులకు ప్రధాన కార్యాలయం నుండి ఇంజనీరు గారు వచ్చారు. గుమ్మం ముందు వరుసగా ఉన్న చెప్పులను ఆయన చూశారు, చూసి బూట్లతోనే లోపలికి నడిచారు. ఆపమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అరచేయి సర్వరు మీద ఆనించి, "కొరుకుతుందన్నారే! ఏమీ లేదండీ" అన్నారు. ఓబుళేసు గారు తమ అరచేయి ఆనించారు. జివ్వుమన్నది. "నాకు తెలుస్తాండాది సార్" అంటే ఇంజనీరు గారు మర్యాదగా నవ్వి, "వయసు మీద పడుతోంది కదండీ. భయం వల్ల అలా అనిపిస్తుంది" అని చెప్పి, తరలించడమే మేలని సంచాలకులు గారికి సూచించి, మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయారు.

మరొకరైతే ఆ మాటకు చిన్నబుచ్చుకునేవారు. ఓబుళేసు గారికి అవమానం కంటే ఆశ్చర్యమే ఎక్కువైంది. ఒకే పెట్టె, ఒకే చోట రెండు అరచేతులు. ఒకరిని కొరికి మరొకరిని ఎందుకు వదిలింది? మరునాడు ఉదయం ఆయన చెప్పులతో సర్వరు గదిలోకి వెళ్ళడం చూసి పద్మప్రియ గారు నిర్ఘాంతపోయారు. చెప్పులతో ముట్టుకున్నారు, ఏమీ లేదు. చెప్పులు విడిచి ముట్టుకున్నారు, జివ్వుమన్నది. మళ్ళీ తొడిగారు, మళ్ళీ విడిచారు. పదకొండుసార్లు.

"సార్, ఏమైంది మీకు?"

"నాకేం కాలేదమ్మా. నేలలోకి పోవాల్సిన కరెంటు దావ దొరక్క మన కాళ్ళలోంచి పోతాండాది. దాని దావ యాడ తెగిందో చూడాల."

నోటుపుస్తకం తిరగేశారు. జూన్ తొమ్మిదిన పట్టణంలో ఒక జల్లు పడింది. ఆ తరువాత ఐదు రోజులు సర్వరు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన పుస్తకం మూసి, భవనం వెనుకకు నడిచారు. అక్కడ సర్వరు కోసం ఏడాది క్రితం తవ్వించిన ఎర్తు గుంత ఉంది. అడుగున రాగి పలక, దాని చుట్టూ బొగ్గు, ఉప్పు, పైన ఒక మూత. యంత్రంలో దారి తప్పిన కరెంటును నేలలోకి దించేది ఆ పలకే. అయితే నేల తడిగా ఉంటేనే దించుతుంది. అందుకే రోజూ ఒక బిందె నీళ్ళు అందులో పోయాలని హనుమక్క గారికి ఆనాడే చెప్పి ఉంచారు.

ఆయన మూత తీశారు. మోకాళ్ళ మీద కూర్చుని, ఆదెన్న గారు కూర్చున్నట్టే కూర్చుని, చేయి లోపలికి దూర్చారు. నాలుగు వేళ్ళు, పొడి. జానెడు, పొడి. మోచేతి దాకా పోయినా బొగ్గు పొడి గోళ్ళలోకి ఎక్కిందే తప్ప చెమ్మ తగలలేదు. అరవై మూడు మండలాల పదును చెప్పే యంత్రం తన కాళ్ళ కింద గుప్పెడు పదును లేక ఆగిపోతున్నది. తలెత్తి చూస్తే, ఆరడుగుల దూరాన, చక్కగా పాది తీసిన ఒక దానిమ్మ మొక్క పచ్చగా నవనవలాడుతున్నది. పాదిలో నీళ్ళు ఇంకా ఇంకలేదు.

హనుమక్క గారు చీపురుతో సహా వచ్చి నిలబడ్డారు. దాచలేదు.

"నెల దినాలు పోసినా సారూ. నీ మీద ఒట్టు. కొళాయి నాలుగు దినాలకొకసారి వస్తాండాది. మా ఇంట్లో పిల్లోల్లు మొగం కడుక్కున్న నీళ్ళు గూడా పారబోసేది లేదు. ఈడ జూస్తే మంచి నీళ్ళు గుంతలో పోసి మూత పెట్టమంటిరి. ఆడ ఏమన్నా మొలిచేది ఉండాదా, తాగేది ఉండాదా? నా చేయి రాలేదు. మొక్క పెట్టుకోని దానికి పోస్తి. నీళ్ళకు లెక్క ఉంటాది కదా అనుకుంటి."

ప్రధాన కార్యాలయానికి పంపవలసిన నివేదికలో బాధ్యుల పేరు రాసే గడి ఖాళీగా ఉంది. అందులో నింపడానికి పేరు ఎదురుగానే నిలబడి ఉంది. అప్పటికి హనుమక్క గారి ఉద్యోగం ఖాయం కాలేదు. ఒక్క ముక్క రాస్తే మరునాడు వారు గేటు బయట ఉండేవారు. ఓబుళేసు గారి పోస్టుకు మాట రాకుండా పోయేది.

"నేను ఎందుకో చెప్పినానా అక్కా?"

"పోయమంటివి. ఎందుకని చెప్పలేదు."

ఆయన చాలాసేపు ఆ గుంత పక్కనే కూర్చున్నారట. పుట్టినప్పటి నుండి ఊరందరినీ ఎందుకని అడిగిన మనిషి, రోజూ బిందె మోసే మనిషికి ఎందుకో చెప్పాలని తోచకపోవడం ఆయనను సిగ్గుపడేలా చేసింది. తరువాత ఎలక్ట్రీషియన్ జయరాముడు గారిని పిలిపించి, కరెంటుకూ ఎర్తు తీగకూ నడుమ ఒక బల్బు తగిలింపజేశారు. బల్బు నిప్పుకణిక మాదిరి ఎర్రగా వెలిగీ వెలగనట్టు ఉంది. "ఇప్పుడు పోయక్కా" అన్నారు. హనుమక్క గారు బిందె వంచారు. కొద్ది నిమిషాలకు బల్బు పసుపుపచ్చగా, ఆ పైన తెల్లగా, పట్టపగలు కూడా కన్ను చెదిరేలా వెలిగింది.

"యో!" అన్నారు హనుమక్క గారు. "మన్ను నీళ్ళు తాగి దీపం పెట్టిండాదే!"

ఆ మధ్యాహ్నం సర్వరు కొరకలేదు. ఆ వారమంతా ఆగలేదు. నివేదిక వెళ్ళింది, సర్వరు ఇక్కడే నిలిచింది, పోస్టు నిలిచింది. బిందె నీళ్ళు గుంతకు, టీ గ్లాసులు కడిగిన నీళ్ళు దానిమ్మకు అని ఓబుళేసు గారే పంపకం చేశారు. ఆ చెట్టు పండ్లను మనమందరం తిన్నాం. ఈ ఐదేళ్ళలో ఎర్తు గుంత ఒక్క పూట కూడా ఎండలేదు. సెలవు పెట్టిన రోజుల్లో సైతం హనుమక్క గారు తమ కూతురిని పంపి బిందె పోయించారు. పోసే ముందు ఎందుకో ఆ అమ్మాయికి వివరించి మరీ పోయించారు.

అందరికీ తెలిసిన కథ ఇంతవరకే. పదవీ విరమణ కాగితాల కోసం ఈ నెల మొదటి వారంలో వారి సర్వీసు రిజిస్టరు తీసినప్పుడు మిగిలింది బయటపడింది. ముప్పై నాలుగేళ్ళ సేవలో మందలింపు ఒకే ఒక్కటి, 2003 జూలై నాటిది. దానికి ఆధారమైన నివేదిక నకలు పక్కనే కుట్టి ఉంది. కారణం: ఎర్తు గుంతకు నీరు అందకపోవుట. బాధ్యులు: ఎన్. ఓబుళేసు, సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు. వివరణ: నీరు పోయవలసినదిగా చెప్పితిని గాని, ఎందుకు పోయవలెనో చెప్పనైతిని. హనుమక్క గారి పేరు అందులో ఎక్కడా లేదు. ఆ మరుసటి ఏడు వారి ఉద్యోగం ఖాయమైంది.

పద్మప్రియ గారు ఆ వాక్యాన్ని చదివి వినిపించినప్పుడు హనుమక్క గారు చీపురు గోడకు ఆనించి, తిన్నగా సర్వరు గదికి వెళ్ళారు. గుమ్మం దగ్గర చెప్పులు విడవడం ఆ ఒక్క రోజే మరిచారు.

"ఆ మాట నా పేరు మీద రాయించు సారూ. ఐదేండ్ల నుంచి నువ్వెందుకు మోస్తాండావు?"

ఓబుళేసు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఉండేదే రాసినానక్కా. అబద్ధం ఏముండాది దాంట్లో?" అన్నారు.

ఆ మందలింపును రిజిస్టరు నుండి తొలగించమని కోరుతూ కార్యాలయ సిబ్బంది సంతకాలు సేకరించబోగా వారు వారించారు. సిబ్బంది విరమించుకున్నారు. నిజమే, అది తొలగించవలసిన పంక్తి కాదు. ఈ సంచికలో పెద్ద అక్షరాలతో అచ్చు వేయవలసిన పంక్తి. సర్వరు గదిలోకి కొత్తగా రాబోయేవారికి ఓబుళేసు గారు ఆ నోటుపుస్తకాన్ని అప్పగించి వెళుతున్నారు. కుడి పుటల్లో ఇంకా కొన్ని ఖాళీలు ఉన్నాయి.

శ్రీ ఓబుళేసు గారు శ్రీమతి కదిరమ్మ గారితో కలిసి సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్ళు, పిల్లలూ మనుమలూ అడిగే ప్రతి "ఎందుకు"కీ ఓపికగా జవాబు చెబుతూ జీవించాలని మనసారా కోరుకుంటున్నాం. జూలై ఒకటవ తేదీ ఉదయం వారు అలవాటు చొప్పున తొమ్మిదింటికే బయలుదేరి గేటు వైపు నడవబోతే, కదిరమ్మ గారు ఆపుదురు గాక. గుంత సంగతి వారు చింతించనక్కరలేదు. ఆ వేళకు హనుమక్క గారు బిందె వంచి, మూత పెట్టే ముందు, చేయి లోపలికి దూర్చి పదును చూసి ఉంటారు.